పొక్కు లేచేసరికే ఆలస్యం: పాత బండ్ల రేకుల్లో దాగిన తుప్పు

(నెల్లూరులో పాత వాహనాల యజమానులు, టింకరింగ్ పనివాళ్ళు కలిసిన ఒక సమావేశంలో సీనియర్ మేస్త్రి ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. పెద్దలు వచ్చారు, నాతోటి పనివాళ్ళు వచ్చారు, సొంత బండ్లు నడుపుకునే అమ్మలు కూడా వచ్చారు. చాలా సంతోషం.

ఈ బల్ల మీద పెట్టిన తలుపు ఒక పాత మారుతి 800ది. ముందు బయటివైపు చూడండి. రంగు బాగానే ఉంది. కింది అంచున నాలుగైదు పొక్కులున్నాయి, ఒక్కొక్కటి మినపగింజంత. ఓనరు ఆ పొక్కులకు టచప్ చేయమని తెచ్చాడు. ఇప్పుడు తిప్పుతున్నా. లోపలి రేకు మీకోసం ముందే కోసి పెట్టాను. ముందు వరుసలో వాళ్ళు లేచి వచ్చి చూడండి, చెయ్యి మాత్రం పెట్టొద్దు, కోసుకుంటుంది. అడుగున జానెడు పొడవునా రేకు లేదు. ఉన్నదంతా మట్టి, తుప్పు పెళ్ళలు, ఎండిన వేపాకులు. ఈ నాలుగు పొక్కుల మీద లప్పం పెట్టి రంగు కొట్టిస్తే ఎన్నాళ్ళుంటుంది చెప్పండి? ఒక్క వానాకాలం.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే. పాత బండికి తుప్పు వైద్యం లోపలి నుంచి మొదలుపెట్టాలి. నీళ్ళు పోయే దారి ముందు, ఆరే దారి తర్వాత, రంగు అన్నిటికన్నా ఆఖరున. మన షెడ్లలో చాలాచోట్ల ఇది తిరగబడి జరుగుతోంది. డబ్బులు పెట్టేది మీరు, పోయేది మీ బండి. అందుకని కొంచెం ఓపిగ్గా వినండి.

ఇనుము తుప్పు పట్టడానికి నీళ్ళూ గాలీ ఉంటే చాలు. తడి రేకు మీద ఒకచోట ఇనుము కరిగి ఎలక్ట్రాన్లు వదులుతుంది. ఇంకోచోట ఆక్సిజన్ వాటిని పుచ్చుకుంటుంది. అంటే రేకు మీద చిన్న చిన్న బ్యాటరీలు పనిచేస్తున్నట్టే. ఆ తడిలో ఉప్పు కలిసిందంటే కరెంటు తేలిగ్గా పారుతుంది, తుప్పు జోరందుకుంటుంది. ఇక రెండు రేకులు ఆనుకున్న సందు సంగతి చూడండి. సందు లోతున ఆక్సిజన్ తక్కువ, అంచున జాస్తి. ఆక్సిజన్ తక్కువైన చోటే ఇనుము కరిగిపోతుంది. అందుకే తలుపు మధ్యలో రేకు శుభ్రంగా ఉన్నా, కింది మడతలో, స్పాట్ వెల్డింగు చుట్టూ, అతుకుల్లో ముందు పోతుంది. పైగా పుట్టిన తుప్పు ఇనుముకన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది. సందులో ఉబ్బి రెండు రేకుల్నీ విడగొడుతుంది. ఆ వెడల్పులోకి ఇంకా నీళ్ళు దిగుతాయి. కార్ల బయటి రేకు మందం 0.7, 0.8 మిల్లీమీటర్లు. అది తినేయడానికి ఎంతకాలం పడుతుంది?

ఇప్పుడు మన నేల సంగతి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. అందులో వంట ఉప్పుతో పాటు మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితేగాని వంట ఉప్పు నీరు పీల్చి కరగదు. మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం చాలు. ఇస్కపల్లి, కనపర్తి ఉప్పుమడుల్లో పనిచేసినవాళ్ళకు నేను చెప్పాల్సిన పనిలేదు, కొత్తగా ఎత్తిన కుప్ప కింద నేల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. మైపాడు, కొత్తపట్నం ఒడ్డున నిలిపే బండి తలుపు లోపల జరిగేదీ అదే. వాన పడకపోయినా, మీరు చుక్క నీళ్ళు పోయకపోయినా, లోపల పేరుకున్న ఉప్పు దుమ్ము గాలి నుంచే తడి లాక్కుంటుంది. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లదీ ఇదే కథ. చెరువు నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు చిమ్మే ఉప్పునీటి తుంపర్లలోనే అవి తెల్లవార్లూ నిలబడి ఉంటాయి.

అదే కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు తిరిగిన బండి తెచ్చి పక్కన పెట్టండి. ఎండకు రంగు తెల్లబోయి ఉంటుంది, టాపు మీద వార్నిషు పొరలు లేచి ఉంటుంది, చూడ్డానికి ముసలిదానిలా కనిపిస్తుంది. కిందికి దూరి చూస్తే అడుగు రేకు గట్టిగా ఉంటుంది. పాత బండి కొనేవాళ్ళు నిగనిగలాడే తీరం బండికన్నా వెలిసిపోయిన మెట్ట బండిని ఎంచుకోమని నా సలహా. రంగు ఎప్పుడైనా కొట్టించుకోవచ్చు.

ఒక మాట అడుగుతా. మీ బండి ఏ నీళ్ళతో కడుగుతున్నారు? తీరం ఊళ్ళలో బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి. అదే నీళ్ళు ప్రెషర్ పంపుతో అడుగునా, సందుల్లోనూ కొట్టిస్తున్నాం. అంటే డబ్బులిచ్చి ఉప్పు ఎక్కిస్తున్నాం. అద్దం మీద కొంచెం ఆ నీళ్ళు చల్లి ఆరనివ్వండి. తెల్లటి పొర మిగిలితే ఆ నీటితో మట్టి వదిలించుకోండి, ఆఖరి కడుగు మాత్రం మంచినీళ్ళతో చేయండి. రెండు బక్కెట్ల మంచినీళ్ళు చాలు. కడిగాక తడి మీద కవరు కప్పొద్దు. ప్లాస్టిక్ కవరు కింద నీరావిరి ఎటూ పోలేదు. నాలుగు వైపులా గాలాడే రేకుల షెడ్డు, గాలి రాని గదికన్నా బండికి మేలు.

తుప్పు ఎక్కడెక్కడ దాక్కుంటుందో చూద్దాం. తలుపుతోనే మొదలుపెడదాం, ఎదురుగా ఉంది కాబట్టి. గ్లాసు పక్కన రబ్బరు బీడింగు ఎంత కొత్తదైనా వాన నీళ్ళు తలుపు లోపలికి దిగుతాయి. కంపెనీవాళ్ళకు ఆ సంగతి తెలుసు. అందుకే కింద బెజ్జాలు పెట్టారు. నీళ్ళు రావాలి, పోవాలి, తలుపు ఆరాలి, అదీ దాని ఏర్పాటు. ఆ బెజ్జాలకు దుమ్ము, ఆకులు అడ్డుపడితే నీళ్ళు తలుపులోనే నిలుస్తాయి. ఇంకా బాధాకరమైనదేమంటే, తుప్పు రాకుండా బండి అడుగున అండర్ కోటింగ్ కొట్టేటప్పుడు మనవాళ్ళే ఆ బెజ్జాలను మూసేస్తున్నారు. పనివాళ్ళందరికీ చేతులెత్తి చెబుతున్నా, కోటింగు కొట్టే ముందు బెజ్జంలో అగ్గిపుల్ల పెట్టండి, అయ్యాక తీసేయండి. అంతే పని. ఇళ్ళలోనైతే నెలకోసారి ప్లాస్టిక్ జిప్ టై ముక్కతో ఆ బెజ్జాలు కెలకండి. ఇనుప తీగ వాడొద్దు, అంచున రంగు గీసుకుపోతుంది.

తర్వాతది రన్నింగ్ బోర్డు. తలుపు తీస్తే కాలు పెట్టే చోట, ముందు చక్రం దగ్గర నుంచి వెనక చక్రం దాకా పోయే గొట్టం. లోపల రెండు మూడు పొరల రేకు ఉంటుంది. జీపుకు వేరే చాసిస్ ఉంది, మోసేది అది. కారుకు అట్టా కాదు, బాడీయే చాసిస్, బరువులో పెద్ద వాటా ఈ గొట్టం మోస్తుంది. తలుపు పోతే అందం పోతుంది, రన్నింగ్ బోర్డు పోతే ప్రమాదంలో మనిషికి రక్షణ పోతుంది. జాకీ పెట్టినప్పుడు కరకరమని చప్పుడొచ్చి రేకు లోపలికి నొక్కుకుపోతే ఆ బండి నడపడం ఆపండి, ముందు దాని సంగతి చూడండి.

వైపర్ల కింది జాలీలో ఆకులు చేరి కుళ్ళుతాయి, ఆ నీళ్ళు డ్యాష్‌బోర్డు వెనక నుంచి కాళ్ళ దగ్గరికి దిగుతాయి. రబ్బరు మ్యాటు కింద జూటు గుడ్డ తడిసిందంటే నెలల తరబడి ఆరదు. స్టెప్నీ గుంత, బ్యాటరీ తట్ట, అద్దం బీడింగు కింది అంచు, చక్రం మీది వంపు, ఇవన్నీ మీకు తెలిసినవే.

2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది కదా. అప్పుడు నీళ్ళలో మునిగిన బండ్లకు ఇంజన్ బాగు చేయించారు, సీట్లు ఆరబెట్టారు. రన్నింగ్ బోర్డులోపలి ఒండ్రు చాలామంది తీయించలేదు. ఒండ్రు తడిని పట్టి ఉంచుతుంది. అట్టాంటి బండి మీ దగ్గరుంటే ఈ వారమే రబ్బరు మూతలు పీకి లోపల చూడండి.

చూడ్డం ఎట్టా? స్క్రూడ్రైవరు పిడితో కింది అంచంతా తట్టుకుంటూ పోండి. గట్టి రేకు టంగుమంటుంది. తుప్పు తిన్నదీ, లప్పం పూసిందీ మొద్దుగా పలుకుతుంది. చిన్న అయస్కాంతాన్ని పలచటి గుడ్డలో చుట్టి రాయండి, పట్టు సడలిన చోట రంగు కింద లప్పం మందంగా ఉన్నట్టు. ఫోనుకు తగిలించే పైపు కెమెరాలు ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతున్నాయి, వాటిని బెజ్జంలోంచి పంపితే లోపలంతా కనిపిస్తుంది. ప్రతి షెడ్డులోనూ ఒకటి ఉండాలి. కస్టమరుకు చూపించి మాట్లాడితే మన మాటకు విలువ.

ఇక వైద్యం. రేకు గట్టిగా ఉండి పైపైన ఎర్రబడితే అది సులువు. రాలే తుప్పంతా వైరు బ్రష్షుతో తీసి, మంచినీళ్ళతో ఉప్పు వదిలేదాకా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు తుప్పును మార్చే మందు, కన్వర్టరు, పట్టించండి. టానిక్ ఆమ్లం ఉన్నది తుప్పును నల్లటి పొరగా మారుస్తుంది, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్నది ఇనుప ఫాస్ఫేటుగా మారుస్తుంది. రెండూ పలచగా అంటుకున్న తుప్పు మీదే పనిచేస్తాయి. పెళ్ళల మీద పోస్తే పైపొర నల్లబడుతుంది, కింద తుప్పు తుప్పుగానే ఉంటుంది. కడగకుండా వేసినా అంతే, కింద చిక్కిన ఉప్పులోని క్లోరైడు మళ్ళీ పని మొదలుపెడుతుంది. ఫాస్ఫారిక్ వాడితే డబ్బా మీద చెప్పినట్టు మిగులు ఆమ్లం తుడిచేయండి, లేకపోతే పైన కొట్టే ఎపాక్సీ ప్రైమరు సరిగా గట్టిపడదు.

దయచేసి బాత్‌రూం యాసిడ్ వాడొద్దు. తుప్పు చిటికెలో పోతుంది, రేకు తెల్లగా మెరుస్తుంది, నిజమే. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అందులో ఉన్నది కూడా క్లోరైడే. మడత సందులోకి దూరిందంటే బయటికి రాదు. సముద్రం చేసే పని మనమే చేసినట్టవుతుంది.

బయటి పూతల్లో వరస ముఖ్యం. బయటపడ్డ ఇనుము మీద ముందు రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమరు పడాలి. లప్పం దాని మీద, మళ్ళీ ప్రైమరు, ఆపైన రంగు. మనవాళ్ళు లప్పాన్ని నేరుగా ఇనుము మీద పెడతారు. పాలియెస్టరు లప్పానికి తేమ పీల్చే గుణం ఉంది. నీటి పేపరు పెట్టి రుద్దినప్పుడు తాగిన నీళ్ళు ఇనుము దగ్గరే ఉండిపోతాయి. రెడ్ ఆక్సైడు ఒక్క పూత కొట్టి వదిలేయడం కూడా చాలదు, దాని గుండా తేమ దిగుతుంది. ఎపాక్సీకి ఖర్చు జాస్తి అంటారు. మళ్ళీ ఏడాదికి అదే తలుపు విప్పడానికి అయ్యే ఖర్చుతో పోల్చుకోండి.

చిల్లు పడిందా, కోయక తప్పదు. కాగితాలు కుక్కి లప్పం పూసిన తలుపులు, ఫైబరు గుడ్డ అంటించిన రన్నింగ్ బోర్డులు నేను విప్పినప్పుడల్లా మనసు కష్టపడుతుంది. అవి బండి కొన్నవాడి ప్రాణానికి సంబంధించినవి. తుప్పు ఉన్నంత మేరా, దానికి అవతల మెరిసే రేకు తగిలేదాకా కోయండి. అంతే మందం కొత్త రేకు వేయండి. రెండు రేకులు ఒకదానిమీదొకటి పెట్టి అతికిస్తే మళ్ళీ సందు పుడుతుంది కాబట్టి వీలైన చోట అంచుకు అంచు కలపండి. తప్పక ఒకదానిమీదొకటి వేయాల్సి వస్తే మధ్యలో వెల్డింగ్ తట్టుకునే జింకు ప్రైమరు పూయండి. గ్యాస్ వెల్డింగుతో రేకు చాలా మేర కాలుతుంది, వంకర పోతుంది, వెనక వైపు రంగంతా మాడిపోతుంది. కరెంటుతో చేసే మిగ్ వెల్డింగుతో ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క అక్కడ, చల్లారనిస్తూ పోతే రేకు నిలుస్తుంది. ఏ వెల్డింగైనా వెనకవైపు రంగు కాలుతుందని మరవొద్దు. బయట ఎంత అందంగా నునుపు చేసినా, వెనక కాలిన చోట మైనం (దాని సంగతి తర్వాత చెబుతా) పట్టకపోతే కొన్ని నెలల్లోనే అక్కడ మళ్ళీ మొదలు.

పనిచేసే పిల్లలకు ఒక మాట. జింకు పూత ఉన్న జీఐ రేకు అతికించేటప్పుడు అంచున జింకు గీకేయండి, అది కాలి వచ్చే తెల్లటి పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. బ్యాటరీ కనెక్షను తీసేయండి, పెట్రోలు ట్యాంకు దగ్గరైతే ట్యాంకు దించండి. కళ్ళద్దాలు లేకుండా గ్రైండరు పట్టుకోవద్దు నాయనా, ఎవరు తొందర పెట్టినా సరే.

నేను అన్నిటికన్నా నమ్మేది లోపలి మైనం. కేవిటీ వ్యాక్స్ అని డబ్బాల్లో వస్తుంది. సన్నటి పొడవాటి గొట్టం చివర నాలుగు వైపులా చిమ్మే నాజిల్ ఉంటుంది. గొట్టాన్ని బెజ్జంలోంచి ఆ చివర దాకా తోసి, కొడుతూ మెల్లగా వెనక్కి లాగాలి. అది సందుల్లోకి పాకుతుంది, గట్టిపడి పగలదు, గీత పడితే చుట్టుపక్కల నుంచి మళ్ళీ కమ్ముకుంటుంది. పై నుంచి కొట్టే రబ్బరు కోటింగుకు ఈ గుణం లేదు. అది రాయి తగిలి చిట్లితే, ఆ చిట్లిన చోట దూరిన నీళ్ళు కోటింగుకూ రేకుకూ మధ్య ఉండిపోతాయి. తుప్పున్న రేకు మీద రబ్బరు కోటింగు కొట్టించడం తుప్పుకు దుప్పటి కప్పడమే.

మైనం కొట్టే ముందు తలుపు గ్లాసు పూర్తిగా పైకెత్తండి. స్పీకరు మీద, గ్లాసు కదిలే దారిలో మైనం పడకుండా చూసుకోండి. ముందు, వెనక తలుపుల నడిమి మధ్య స్తంభంలో సీటు బెల్టు చుట్టుకునే చక్రం ఉంటుంది, అక్కడ మైనం పడకూడదు, బ్రేకులకు, సైలెన్సరుకు తగలకూడదు. కింద బెజ్జాల్లోంచి చుక్కలు కారేదాకా కొట్టండి, కారడం ఆగాక ఆ బెజ్జాలు మళ్ళీ తెరవండి.

కాలం కూడా చూసుకోవాలి. మన నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే పడుతుంది. ఈ పని రోహిణి కార్తెలో చేయించండి. ఆ ఎండలో తలుపులు, డిక్కీ తెరిచి, మ్యాట్లు పీకి నాలుగు రోజులు బండిని నిలబెడితే మడతల్లో తడి కూడా పోతుంది. ఆ వేడికి మైనం పలచబడి, చేత్తో ఎప్పటికీ చేరలేని సందుల్లోకి దిగుతుంది. స్వాతి కార్తె లోపల మరోసారి బెజ్జాలు చూసుకుంటే చాలు. వానల్లో తడి బండికి మైనం కొట్టిస్తే తడిని లోపల పెట్టి మూసినట్టే.

అడగండి, ఏమైనా ఉంటే.

(సభలో ఒకరు: మేస్త్రీ, మేం వానకు ముందు అడుగున కాలిన ఇంజనాయిలు కొడతాం. మా నాన్న కాలం నుంచీ అంతే. తప్పా?)

నూనె ఉన్నచోట నీరు నిలవదు కాబట్టి కొంత పనిచేసింది, అందుకే పెద్దవాళ్ళు చేశారు. ఇప్పుడు వద్దంటాను. కాలిన ఆయిల్లో ఇంజన్ వదిలిన ఆమ్లాలు, మసి ఉంటాయి. రబ్బరు బుష్షులు ఉబ్బుతాయి, నేల మీదికి, చేలోకి కారుతుంది. చర్మానికీ మంచిది కాదు. వాన పడితే కొట్టుకుపోతుంది కూడా. మైనం ఒకసారి సరిగా పడితే కొన్నేళ్ళు ఉంటుంది.

(మరొకరు: అన్నా, మాది చేపల బండి, చిన్న ట్రక్కు. తొట్టి అడుగు పాడవుతోందని అల్యూమినియం గళ్ళ రేకు వేయించాను. అయినా కింద పోయింది.)

ఐసు కరిగి ఉప్పునీరు ఆ గళ్ళ రేకు కిందికే దిగుతుంది తమ్ముడూ. పైన ఎండ తగిలేది అల్యూమినియానికి, తడి ఉండేది ఇనుముకు. పైగా రివిట్టు కొట్టిన ప్రతిచోటా కొత్త బెజ్జం. ఆ రేకు విప్పేయి. అడుగు బాగు చేయించి, ఎపాక్సీ వేయించి, వెనక్కి కొంచెం వాటం ఉండేట్టు చూడు. పైన చెక్క పలకలో, ప్లాస్టిక్ జల్లెడ పలకలో ఎత్తి తీసేట్టు పెట్టుకో. లోడు దించగానే పలకలు లేపి మంచినీళ్ళు కొట్టడం అలవాటైతే తొట్టి నిలుస్తుంది.

(ఒక మహిళ: అయ్యా, మా నాన్నగారి అంబాసిడర్ ఉంది. రన్నింగ్ బోర్డులు రెండువైపులా పోయాయి. కొందరు తుక్కుకు వేసేయమంటున్నారు. బాగవుతుందా?)

బాగవుతుందమ్మా. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది, ఇక బాగున్న ప్రతి రేకూ విలువైనదే. అంబాసిడర్‌కు కూడా బాడీయే చాసిస్. అందుకని ముందు స్ప్రింగులు, సస్పెన్షను బిగించే చోట్లు గట్టిగా ఉన్నాయో లేదో చూపించండి. అవి ఉంటే పని మొదలుపెట్టొచ్చు. 15 ఏళ్ళు దాటిన సొంత బండికి 5 ఏళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి, అప్పుడు బండి చూపించాలి కాబట్టి ఈ పని దానికన్నా ముందే అయితే మంచిది. పని పట్టేవాళ్ళు ఒక్కటి తప్పకుండా చేయాలి. రన్నింగ్ బోర్డు కోసే ముందు బండిని సమంగా నిలిపి, తలుపు సందులు పైనా కిందా కొలిచి రాసుకోవాలి. తలుపు తీసేసి, ఆ ఖాళీలో ముందు స్తంభం నుంచి మధ్య స్తంభానికి అడ్డంగా ఇనుప పైపు అతికించాలి. ఒకవైపు పూర్తిగా అయ్యాకే రెండోవైపు ముట్టాలి. పైపు లేకుండా కోస్తే బండి నడుములో దిగిపోతుంది, తర్వాత ఎన్ని తిప్పలు పడ్డా తలుపులు పట్టవు. ఒంగోల్లో చేయించినా, ఇక్కడ చేయించినా, కోతకు ముందు ఆ పైపు మీ కళ్ళతో చూసి అప్పుడు సరేననండమ్మా.